ఆదివారం దిగే గీత

మా పాలకేంద్రం ఉదయగిరి నించి ఆత్మకూరు పోయే రోడ్డు మీద, ఊరు దాటినాక ఎడంచేతి పక్కన ఉండాది. రేకుల షెడ్డు, లోపల పాలు చల్లబరిచే ట్యాంకు, ముందర నా కుర్చీ, ఫ్యాటు చూసే మిషను. వెనకాల దొడ్డి, ఆ పక్కనే మా ఇల్లు. పొద్దునా సాయంత్రం ఆడోళ్ళు క్యాన్లు తెచ్చి వరసలో నిలబడతారు. నా పేరు రేణుకాదేవి. నాకు నోరు పెద్దదని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. నోరు చిన్నదైతే సగం నీళ్ళు తెచ్చి నా ట్యాంకులో పోసి పోతారు, కాబట్టి దాన్ని తగ్గించుకునే ఆలోచన నాకు లేదు.

పోయిన ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి కరెంటు రాలా. జనరేటరేమో సరిగ్గా ఆ పొద్దే మొరాయించింది. ట్యాంకు నిండా పాలు విరిగిపోయినాయి. ఆ పాలు వెనక కాలవలో పారబోసి, ఆడనే కూర్చొని ఏడ్చినాను. ఏడుపు నాకు అలవాటు లేదు. ముక్కు చీదుకుంటా, కరెంటోళ్ళను తిట్టుకుంటా ఏడ్చినాను. ఆ తర్వాత పాలు పోసే ఆడోళ్ళలో సగం మంది కలిగిరి నించి వచ్చే ప్రైవేటు వ్యానుకు పోయినారు. ఇంకొక్కసారి అట్టా అయితే మిగిలినోళ్ళు గూడా పోతారు, నేను షట్టరు దించుకోవాల. అది నాకు బాగా తెలుసు.

అట్టాంటప్పుడు వచ్చినాడు నాగార్జున. ఆత్మకూరు దగ్గర ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్తాడు. చూసేదానికి పిలకాయ మాదిరే ఉంటాడు, మాట మెత్తన. బండి దిగి, "అక్కా, మీ షెడ్డు వెనకాల కొంచెం చోటిస్తే ఒక మిషను పెడతాం. కరెంటు పోయినప్పుడు మీ ట్యాంకును అది నడిపిస్తాది" అన్నాడు.

"జనరేటరా? ఉండే దాంతోనే చస్తా ఉండాను."

"జనరేటరు కాదక్కా. కట్టెల్లో నించి గ్యాసు తీస్తాం. ఆ గ్యాసు సెల్లుల్లోకి పోతే కరెంటు వస్తాది. ఇంజను ఉండదు, చప్పుడు ఉండదు. సెల్లు లోపల మంట గూడా ఉండదు."

"మంట లేకుండా, ఇంజను తిరక్కుండా కరెంటు ఎట్టొస్తాదబ్బాయ? పాలమ్ముకునేదాన్నని ఏది చెప్పినా నమ్మతాననుకుంటివా?"

వాడికి కోపం రాలా. సంచిలో నించి అప్పడం అంత పల్చటి బిళ్ళ ఒకటి తీసి నా చేతిలో పెట్టినాడు. "ఇదే సెల్లు అక్కా. ఇటు పక్క గ్యాసు, అటు పక్క గాలి. ఇది బాగా కాగినాక, గాలిలో ఉండే ఆక్సిజను ఈ బిళ్ళ గుండా దూరి గ్యాసు దగ్గరికి పోతాది. ఎలక్ట్రాన్లు మాత్రం దీంట్లో దూరలేవు. అవి తీగెలో పడి చుట్టు తిరిగి రావాల్సిందే. ఆ తిరిగేదే మన కరెంటు."

బిళ్ళను ఇటు తిప్పి అటు తిప్పి చూసినాను. అర్థమైనట్టే ఉండాది, కానట్టే ఉండాది. అట్టాంటిది ఒకటి చేతికి దొరికితే నాకు వదలబుద్ధి కాదు. ఆ పొద్దు పాలు కొలస్తా కూడా అదే ఆలోచన, ఆక్సిజను దూరే దాంట్లో అంతకన్నా చిన్నదైన ఎలక్ట్రాను ఎందుకు దూరదు అని. సాయంత్రం ఫోను చేసి, చోటిస్తాను గానీ ముందు ఇది చెప్పు అన్నాను. చానాసేపు చెప్పినాడు.

షరతు ఒకటే. ఖర్చు పెట్టేది వేరే ఊళ్ళో ఉండే ప్రాజెక్టోళ్ళు. వానలు మొదలయ్యే లోపల వాళ్ళ మేడమ్ వచ్చి చూస్తాది. సెల్లులు బాగా నడస్తా ఉంటే మిషను ఈడే ఉంచేస్తారు. లేకపోతే ఊడబెరికి ఇంకో ఊరికి తీసకపోతారు.

మిషనంటే మూడు వస్తువులు. మొదటిది పొయ్యి, నా గుండెలెత్తున ఇనప డ్రమ్ము. దాని నోరు పైన తెరుచుకొనే ఉంటాది, అందులో కట్టె ముక్కలు వేస్తా ఉండాల. తొంగి చూస్తే ముక్కల సందుల్లో నిప్పు ఎర్రగా కనిపిస్తాది. రెండోది గ్యాసును కడిగి వడగట్టే డబ్బాలు. మూడోది సెల్లులుండే పెట్టె, ఫ్రిజ్జంత ఉంటాది. కట్టె ముక్కలు తెచ్చేది గోవిందయ్య. దుత్తలూరు పక్క బీళ్ళలో గొర్రెలు మేపుకుంటా, ఆడ పెరిగిన సర్కారు తుమ్మ కొట్టి, ముక్కలు చేసి ప్రతి ఆదివారం ట్రాలీలో తెచ్చి పోస్తాడు.

మా అత్త పెంచలమ్మకు ఆ మిషనంటే గిట్టదని అనుకున్నాను. ఆమె నాకు మేనత్త, మా నాయనకు అక్క. మా ఆయన లారీ మీద ఊళ్ళు తిరగతా ఉంటే ఇంట్లో ఉండేది మేమిద్దరమే. మాట్లాడుకునే దాంట్లో సగం పోట్లాటే. మిషను బిగించిన పొద్దు వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఇంట్లో కట్టెల పొయ్యి పీకేసి గ్యాసు పెట్టిస్తివి. ఇప్పుడు దొడ్లో ఇంత పొయ్యి తెచ్చి పెడితివి. ఏమి తెలివే నీది" అనింది. ఆ మాట నిజమే.

నాగార్జున వారం వారం వచ్చేవాడు. వచ్చి లాప్‌టాపు తెరిస్తే తెర మీద రెండు గీతలు. నీలం గీత పెట్టెలో సెల్లులు నిజంగా ఇస్తా ఉండే వోల్టేజి. ఎర్ర గీత మోడల్ చెప్పేది.

"మోడల్ అంటే ఏంది?"

"మన పెట్టె లాంటిదే ఇంకోటి కంప్యూటర్లో లెక్కలతో కట్టినామక్కా. ఇంత కట్టె, ఇంత తేమ, ఇంత గాలి అని చెప్తే, గ్యాసులో ఏమేమి ఉంటాది, సెల్లు ఎంత కరెంటు ఇస్తాది అని అది ముందే చెప్తాది."

ఇది నాకు తొందరగానే ఎక్కింది. ఫ్యాటు ఎంతో చెప్తే ఆ పాలకు వెన్న ఎంత పడుద్దో నేను చిలక్కుండానే చెప్పనా, అట్టాంటిదే. "అయితే నీ లెక్క తప్పితే?" అని అడిగినాను.

"తప్పితేనే బాగుంటాదక్కా. మనకు తెలియంది ఏదో ఉండాదని తెలుస్తాది."

అప్పుడు ఆ మాట నాకు నచ్చింది. తర్వాత ఆ మాట తలుచుకుంటేనే మంటెత్తింది.

మొదట్లో రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకొని పోతా ఉండేవి. ఎండలు వచ్చినాయి, కరెంటు పోవడం మొదలయింది, మా ట్యాంకు మాత్రం చల్లగానే ఉండాది. కొండాపురం నించి, దుత్తలూరు నించి జనం వచ్చి దొడ్లో నిలబడి ఆ పెట్టెను చూసేవాళ్ళు. చప్పుడేదమ్మా అని చెవి ఆనించి వినేవాళ్ళు. నేను కుర్చీ వదిలిపెట్టి వచ్చి, బిళ్ళ, గాలి, ఎలక్ట్రాను, అంతా నేనే కనిపెట్టినట్టు చెప్పేదాన్ని. వ్యానుకు పోయిన ఆడోళ్ళు కొంతమంది మళ్ళీ నా వరసలోకి వచ్చినారు. రేణుకమ్మ దశ తిరిగిందబ్బా అని వరసలోనే అనుకునేవాళ్ళు. నాకు వినపడినా వినపడనట్టు ఉండేదాన్ని, లోపల మాత్రం భలే సంబరంగా ఉండేది.

ఎండలు ముదిరినాక నీలం గీత పడడం మొదలయింది. ఒక ఆదివారం రాత్రి గుంతలో పడినట్టు కిందికి దిగి, సోమవారం సాయంత్రానికి మెల్లిగా లేచి ఎర్ర గీతను కలుసుకునింది. గాలి తగ్గిందేమో అన్నాడు నాగార్జున. పై ఆదివారం మళ్ళీ గుంత, ఈసారి ఇంకొంచెం లోతు. ఆ తర్వాత మంగళవారం రాత్రి గూడా. పోను పోను పూర్తిగా లేవకముందే మళ్ళీ పడతా ఉండాది. ట్యాంకు మోటరు మూలగతా ఉంటే, పాలు చల్లగా ఉండాయో లేదోనని గంటగంటకూ పోయి చూసేదాన్ని.

"గంధకం అక్కా" అన్నాడు నాగార్జున. "గ్యాసులో గంధకం వస్తే సెల్లు ఇట్టనే పడుద్ది. కట్టెలో మామూలుగా ఉండే కొంచాన్ని వడపోత డబ్బా పట్టేస్తాది. దానికి మించి వస్తా ఉండాది."

"ఎక్కణ్ణించి?"

"అదే తెలియదు. మోడల్‌కు ఆదివారం అంటే ఏందో తెలియదు గదా."

మోడల్‌కు తెలియకపోతే ఏమి, నాకు తెలుసు. ఆదివారం వచ్చేది గోవిందయ్య. కలిగిరి, కొండాపురం పక్క పొగాకు కోసినాక మోళ్ళు ఊరికినే పడుంటాయి. పొగాకు మోళ్ళలో గంధకం ఎక్కువని నాగార్జున ఒకసారి చెప్పినాడు. ఇంకేముంది, తుమ్మలో మోళ్ళు కలిపి నాకు పోస్తా ఉండాడని నేను తీర్పు చెప్పేసినాను. ఆదివారం ట్రాలీ ఆగంగానే ఎదురుపోయి, "గోవిందయ్యన్నా, గొర్రెలు మేపేటోడివి, నీకు ఈ కల్తీ బుద్ధి ఎప్పుడొచ్చింది?" అని అడిగినాను. పాలు పోసే ఆడోళ్ళందరూ ఉండారు.

ఆయన ట్రాలీ మొత్తం నేల మీద కుమ్మరించినాడు. "ఏరు. ఒక్క పొగాకు మోడు చూపించు. చూపిస్తే ఈ మీసం తీసేసి పోతాను."

పంతానికి నేనూ కూర్చొని ఏరినాను. చెయ్యి కొట్టుకపోయింది గానీ ఒక్క మోడు దొరకలా. ఆయన కండువా దులుపుకొని పోయినాడు. మంగళవారం ఆయన ఈ పక్కకే రాడు గదా, మరి మంగళవారం గీత ఎందుకు పడతా ఉండాదని అప్పటికి గానీ నాకు తట్టలా. ముందే తట్టి ఉంటే అంతమందిలో నా పరువు పోయేది కాదు.

ఇంక నాకు వేరే యావ లేదు. క్యాన్లు కడిగే పొడి వాసన చూసినాను. రోడ్డు మీద లారీల పొగ దొడ్లోకి ఎటు తిరగతా ఉండాదో చూసినాను. బోరు నీళ్ళు సీసాలో పోసి నాగార్జున చేతికిచ్చి కాలేజీకి పంపించినాను. అన్నీ సుబ్బరంగా ఉండాయి. ఇంతలో ఒక పొద్దు సవరాలకు వెంట్రుకలు కొనేవాడు వచ్చి, స్టీలు గిన్నెలు మోగిస్తా గేటు కాడ నిలబడినాడు. తల దువ్వినప్పుడల్లా ఊడిన జుట్టు చుట్టచుట్టి కిటికీ పక్కన సంచిలో దాస్తాను నేను. పోయి చూస్తే సంచి ఖాళీ.

"అత్తా, నా వెంట్రుకలు ఏమైనాయి?"

"ఎలకలు ఎత్తకపోయుంటాయి" అనింది, నా పక్క చూడకుండా.

ఎలకలకు సవరాలు ఎందుకో అని గొణుక్కుంటా, వెంట్రుకలకు బదులొచ్చే గిన్నె మీద ఆశ వదులుకొని వాణ్ణి పంపేసినాను. అప్పుడు నా బుర్రంతా గంధకమే.

మేడమ్ పై ఆదివారం వస్తా ఉండాదని కబురొచ్చింది. దానికి ముందు సోమవారం మధ్యాన్నం నాగార్జున వచ్చి లాప్‌టాపు నా కుర్చీ ముందరే పెట్టినాడు. మొహం ఎండకు మాడిపోయుండాది గానీ కళ్ళు మాత్రం మెరస్తా ఉండాయి.

"అక్కా, ఇన్నాళ్ళూ ఇవి వేస్తే ఏమి వస్తాది అని మోడల్‌ను అడిగినాం. ఈ పొద్దు దాన్ని వెనక్కి నడిపిస్తాం. గీత ఇట్టా పడాలంటే పొయ్యిలో ఏమి పడుండాల, ఎప్పుడు పడుండాల, ఎంత పడుండాల అని అడగతాం."

"చెప్తాదా?"

"చూద్దాం."

కంప్యూటరు లెక్కలేసుకుంటా ఉంటే ఇద్దరం మజ్జిగ తాగతా కూర్చున్నాం. తెర మీద అంకెలు మారతా ఉంటే, సినిమాలో దొంగ మొహం కనిపించే ముందర కూర్చున్నట్టు ఉండాది నాకు. చివరికి అది ఆగింది. నాగార్జున దగ్గరికి జరిగి చదివినాడు.

"పొయ్యి నోట్లో నించే పడింది. కట్టెలతోపాటు కిందికి దిగి బాగా కాలేదానికి కొంచెంసేపు పడుద్ది, అందుకే గుంత రాత్రి కనిపిస్తా ఉండాది. పడింది మాత్రం సాయంత్రం, దీపాలు పెట్టే యాళ. ఆదివారం, మంగళవారం. ఒక పిడికెడు ఉంటాది. మొదట్లో చిన్న పిడికిలి, వారం వారం పెరగతా వచ్చింది." వాడు తల గోక్కున్నాడు. "ఇంకోటి. వడపోత డబ్బా విప్పితే అందులో ఉప్పు గూడా తేలింది. ఎవరక్కా, పొయ్యిలో ఉప్పేసేది?"

మజ్జిగ గ్లాసు కింద పెట్టేసినాను. ఆదివారం, మంగళవారం, దీపాలు పెట్టే యాళ, పిడికెడు ఉప్పు. ఇవన్నీ కలిసేది మా ఇంట్లో ఒక్క చేతిలోనే. బర్రె ఈనినా, దూడ పాలు తాగకపోయినా ఆ రెండు పొద్దుల్లోనే ఆ చెయ్యి లేస్తాది.

లేచి ఇంట్లోకి పోయినాను. అత్త చేటలో బియ్యం ఏరతా ఉండాది. నాగార్జున నా వెనకనే వచ్చి గడప కాడ నిలబడినాడు.

"అత్తా, సాయంత్రాలు ఆ పొయ్యిలో ఏమేస్తా ఉండావు?"

"దిష్టి తీసినవి వేస్తా ఉండాను" అనింది, ఏదో పెద్ద సంగతి కానట్టు.

"దాంట్లో ఎందుకేసినావు?"

"మరేడ వెయ్యమంటావు? ఇంట్లో నిప్పు ఉండాదా? గ్యాసు మీద వేస్తే స్టవ్వు పాడైపోయిందని నువ్వే అరుస్తావు. నిప్పుండేది దాంట్లోనే గదా."

ఆ మాట గూడా నిజమే అయ్యేసరికి నాకు కోపం ఇంకా ఎక్కువైంది. "ఏమేమి వేస్తావు?"

"ఉప్పు, ఆవాలు, ఎండు మిరపకాయలు, నాలుగు వెంట్రుకలు. ఎవరైనా వేసేటియ్యే."

"వెంట్రుకలా" అన్నాడు నాగార్జున, లాటరీ తగిలినోడి మాదిరి. "అక్కా, వెంట్రుకలు కాలితే కంపు వస్తాది చూడండి, అది గంధకం మూలాననే. ఆవాల ఘాటు గూడా దాంతోనే."

"ఊరోళ్ళ కళ్ళు మిషను మీద పడతాయని నువ్వు దిష్టి తీస్తా ఉండావు, ఆ దిష్టే దాన్ని చంపతా ఉండాది" అని అరిచినాను. "ఆదివారం ఆ మేడమ్ వచ్చి దాన్ని ఊడబెరుక్కొని పోతే మళ్ళీ పాలు కాలవలో పొయ్యాల. నీకు తెలుస్తా ఉండాదా?"

అత్త ఏదో చెప్పబోయింది. నోరు తెరిచి, నా మొహం చూసి, మళ్ళీ మూసుకునింది. "సరే. ఇంక వెయ్యనులే" అని బియ్యం ఏరుకోవడంలో పడింది. ఆమె అట్టా పోట్లాడకుండా ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలా.

బయటికి వచ్చినాక నాగార్జున, "వారం వారం ఎందుకు పెంచినాదో అడగండక్కా, ఆ ఒక్కటీ మోడల్ చెప్పలేదు" అన్నాడు. "నేను ఇంకేమీ అడగను" అన్నాను. కానీ ఆ ప్రశ్న చెప్పులో రాయి మాదిరి నాతోనే ఉండిపోయింది.

ఆ మంగళవారం గీత పడలా. బుధవారం, గురువారం మెల్లిగా లేస్తానే ఉండాది. గోవిందయ్య ఇంటికి నేనే పోయి, తప్పయిందన్నా అని చెప్పి వచ్చినాను. ఆయన ఆదివారం ట్రాలీతో వచ్చినాడు, మీసం దువ్వుకుంటా.

మేడమ్ పేరు కరుణశ్రీ. నెరిసిన జుట్టు, మెడలో కళ్ళద్దాల తాడు, మాట తక్కువ. గీతలన్నీ వెనక్కి ముందుకీ జరిపి చూసింది. నాగార్జున చెప్పిందంతా విన్నది. "కథ బాగుంది. కానీ నాలుగు రోజులు గీత బాగున్నంత మాత్రాన కారణం ఇదే అని నేను రాయలేను. సెల్ పాడైపోతోంది, దానంతట అదే ఒకసారి లేచింది అని కూడా అనుకోవచ్చు కదా. చూపించగలరా?"

నాగార్జున నా పక్క చూసినాడు. నేను ఇంటి పక్క చూసినాను. వారమంతా నాతో సరిగ్గా మాట్లాడని మనిషిని ఇప్పుడు పోయి బతిమాలాల. పోయినాను. "అత్తా, నువ్వు ఇంతకుముందు ఎట్టా తీసినావో, ఈ పొద్దు ఒక్కసారి అట్టానే తియ్యి. నీ దిష్టి మీదనే ఉండాది అంతా" అన్నాను.

"వద్దంటివి గదా."

"ఇప్పుడు కావాలంటా ఉండాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసి లేచింది. "తీస్తాను. నేను ఎట్టా తీస్తానో అట్టే తీస్తాను. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు."

పిడికిలి మూసుకొని దొడ్లోకి వచ్చినామెను, అది తూకం వెయ్యాలి అవ్వా అని అడిగినాడు నాగార్జున. "దిష్టి తూకం వేసేటోణ్ణి నిన్నే చూసినాను" అని విసుక్కుంటానే కాటాలో పోసింది. వాడు అంకె కొట్టినాడు. ఎర్ర గీత అప్పటికప్పుడు రాత్రి ఏమి జరగాలో గీసేసింది, ఎప్పుడు పడాల, ఎంత పడాల, ఎప్పటికి లేవాల అన్నీ. మేడమ్ దాన్ని తన ఫోనులో ఫోటో తీసి పెట్టుకునింది.

పొద్దు కొండ వెనక్కి దిగింది. మేమందరం మిషనుకు దారి వదిలి పక్కకు నిలబడినాం. అత్త పొయ్యి దాకా వచ్చింది. ఆడ ఆగలా. నా దగ్గరికి వచ్చి, నా ఎదురుగ్గా నిలబడి, పిడికిలి నా తల మీదుగా తిప్పింది. కుడినించి ఎడమకు, ఎడమనించి కుడికి. ఊరోళ్ళ దిష్టి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని గొణగతా, తల నించి కాళ్ళ దాకా దించి, నా చేత మూడుసార్లు థూ అనిపించి, అప్పుడు పోయి పొయ్యి నోట్లో వేసింది.

ఇన్నాళ్ళూ సాయంత్రం ఫ్యాటు చూసేటప్పుడు నా కుర్చీ వెనకాల ఏదో కదిలినట్టు ఉండేది. దూడను కట్టేసేదానికి పోతా ఉండాదనుకునేదాన్ని. సంచిలో నా వెంట్రుకలు ఏమైనాయో గూడా అప్పుడు తెలిసింది.

"నాకా తీస్తా ఉండేది?"

"మరి ఆ డబ్బాకు తీస్తారా" అనింది అత్త. "దశ తిరిగింది, దశ తిరిగింది అని వచ్చినోళ్ళంతా నిన్నే చూస్తా ఉండిరి. ముందర నిలబడి తీస్తే నువ్వు కసురుకుంటావు. అందుకే వెనక నించి తీసినాను."

ఆమె పోయి గోడ వారన కూలబడింది. మేమందరం తెర చుట్టూ చేరినాం. చీకటి పడినాక నీలం గీత వణికినట్టు అయింది. తర్వాత వంగింది. ఎర్ర గీత మీద కాలు పెట్టి నడిచినట్టే కిందికి దిగింది, అది ఎంత చెప్తే అంత. వోల్టేజి పడిపోతా ఉంటే సంతోషపడింది నా బతుకులో అదొక్కసారే. మేడమ్ ఫోను తీసి, తెర పక్కన పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకొని చూసింది, తీసేసి చూసింది.

"రేపు ఇది చెప్పినట్టే లేస్తే, పెట్టె ఇక్కడే ఉంటుంది. లేస్తుందనే అనుకుంటున్నాను" అనింది. "నాగార్జునా, ఈ వారం వారం పెరిగిన డోసుల వివరాలు వదులుకోవద్దు. ల్యాబులో కావాలని చేసినా ఇంత బాగా రాదు."

గోవిందయ్య కండువా తీసి గాల్లో తిప్పినాడు. నాగార్జున నా చేతులు పట్టుకొని ఊపేసినాడు. పాలు మళ్ళీ కాలవలో పొయ్యాల్సిన పని లేదు. ఈ మాట చెప్దామని అత్త పక్క తిరిగినాను. ఆమె ఇంకా గోడ వారనే ఉండాది. కళ్ళలో నీళ్ళు.

"ఏందత్తా? మిషను ఉంచేస్తారంట."

"ఉంటే ఉండనీ" అనింది. "ఈ పొద్దు గూడా ఘాటు రాలా."

నాకు మొదట ఎక్కలా. ఎక్కినాక పోయి ఆమె పక్కన కూర్చున్నాను. దిష్టి తీసిన మిరపకాయలు కాలితే ఘాటు రావాల, అందరూ దగ్గాల. ఘాటు వచ్చిందంటే దిష్టి లేదని. మిరపకాయ కాలినా ఘాటు రాలేదంటే మనిషికి గట్టిగా తగిలిందని. ఈ మాట మా పక్క ఎవరినడిగినా చెప్తారు.

"మొదటి వారం రాలా. సరే, చాల్లేదేమో అని రెండో వారం ఇంకొంచెం వేసినాను. అప్పుడూ రాలా. మంగళవారం గూడా తీసినాను. ఎంత వేసినా రాకపాయ" అనింది. "నీకేమవుద్దోనని నాకు నిద్ర పట్టలా. నువ్వు ఆ పొద్దు కాలవ కాడ కూర్చొని ఏడిస్తివే, అట్టా ఏడ్చే మనిషివి కాదే నువ్వు. ఇప్పుడు దానికన్నా పెద్దదేదో రాబోతా ఉండాదనుకున్నాను. నీకు చెప్తే అరుస్తావు, ఎవరికి చెప్పుకునేది?"

నా నోరు పెద్దదని చెప్పినాను గదా. ఆ నోటికి జడిసే ఆమె ఇన్నాళ్ళూ నాకు చెప్పుకోలా.

నాగార్జున వచ్చి ఆమె ముందర గొంతుకూర్చున్నాడు. "అవ్వా, ఆ పొయ్యి మామూలు పొయ్యి కాదు. పొగ పైకి రాదు, కిందికి పీల్చుకుంటాది. ఎవరికి తీసి వేసినా దాంట్లో ఘాటు రాదు. ఆ ఘాటంతా గొట్టాల్లో దూరి సెల్లు దాకా పోయింది. దగ్గింది సెల్లు."

అత్త వాడి మొహం చూసింది, పొయ్యిని చూసింది. నమ్మలా. వాడు ఒక కాగితం ముక్క అంటించి ఆర్పి, పొగ వస్తా ఉండంగా పొయ్యి నోటి కాడ పట్టినాడు. పొగ తీగె మాదిరి సాగి లోపలికి దిగిపోయింది. అత్త లేచి దగ్గరికి పోయి, ఆ పొగ మాయమయ్యే చోటే చూస్తా చానాసేపు నిలబడింది. "ఇంకొకటి అంటించు" అనింది. వాడు ఇంకొకటి అంటించినాడు.

"గోవిందయ్యన్నా" అని పిలిచినాను. "పొయ్యిలో నించి నాలుగు నిప్పులు తీసి ఆ ఇనప బొచ్చెలో ఈడ పెట్టు."

ఆయన పెట్టినాడు. నేను ఇంట్లోకి పోయి ఉప్పు, ఆవాలు, మిరపకాయలు పిడికెడు తెచ్చినాను. నిలబడి నా జడలో నాలుగు వెంట్రుకలు నేనే పీక్కొని కలిపి అత్త చేతిలో పెట్టినాను. పెట్టి ఆమె ముందర బుద్ధిగా నిలబడినాను.

ఆమె మళ్ళీ తిప్పింది. నేను థూ అన్నాను, మూడుసార్లు, గట్టిగా. నిప్పుల మీద పడంగానే చిటపటమని ఆవాలు ఎగిరినాయి. ఒక్క క్షణం ఏమీ లేదు. అత్త నా చెయ్యి పట్టుకునింది.

అప్పుడు వచ్చింది ఘాటు. ముందర గోవిందయ్య తుమ్మినాడు. నాగార్జున గొంతు పట్టుకొని పక్కకు పరిగెత్తినాడు. మేడమ్ కళ్ళద్దాలు తీసేసి చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని దగ్గతా ఉండాది. షెడ్డు ముందర పాల క్యాన్లు కడుక్కుంటా ఉండే ఆడోళ్ళు, ఎవరమ్మా ఇంత ఘాటు పెట్టింది అని ఆణ్ణించే దగ్గతా తిట్టినారు. నేను దగ్గలేక దగ్గలేక నేల మీద కూర్చున్నాను. నా కళ్ళ వెంట నీళ్ళు కారతా ఉండాయి. అందులో సగం మిరపకాయలవి, మిగిలిన సగం నావే.

అత్త నా పక్కన కూర్చొని, దగ్గతానే నవ్వతా ఉండాది. ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో. "వచ్చింది, చూసినావా" అంటా నా వీపు రాస్తా ఉండాది. "నీకేమీ లేదులే. నీకేమీ లేదు."

"అవ్వా" అన్నాడు నాగార్జున, దూరం నించి, కళ్ళు తుడుచుకుంటా. "ఆత్మకూరులో మంచి కుంపట్లు దొరుకుతాయి. రేపు వచ్చేటప్పుడు నీకు ఒకటి తెస్తాను. ఇంక దిష్టి అందులోనే వెయ్యి, సరేనా?"

"పెద్దది తే" అనింది అత్త.